చలి తగిలిన చోట నలుపు

మా పెద్దమ్మకి మనుషుల మొహాలు గుర్తుండేవి కావు. కుందేళ్ళ మొహాలు మాత్రం మూడు తరాల వెనక్కి చెప్పేది. ఆస్పత్రిలో పదేళ్ళు పక్కన కూర్చుని కుట్టుపని చేసిన మనిషి వీధిలో ఎదురై పలకరిస్తే, "ఎవరే ఆవిడ?" అని నన్ను మోచేత్తో పొడిచేది. అదే మనిషి చేతిలో కుందేలుంటే మాత్రం, "ఇది మన ముసలిదాని మనవరాలు కాదూ! ఎడమ చెవి మొదట్లో ఆ తెల్ల వెంట్రుకలు చూడు" అని నడిరోడ్డు మీదే దాన్ని చంకనెత్తుకునేది.

నేను ఆమె చెల్లెలి కూతుర్ని. చదువు అబ్బలేదని మా అమ్మ నన్ను పని నేర్చుకోమని ఆమె దగ్గరకు పంపింది. పదకొండేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను. పగలంతా ఆస్పత్రి దుప్పట్ల గదిలో ఇద్దరం పక్కపక్క మిషన్ల మీద చిరిగిన దుప్పట్లు కుట్టేవాళ్ళం, దిండుగలీబుల మూలల్లో వార్డు నంబరు ఎర్ర దారంతో కుట్టేవాళ్ళం. ఆమె నోరు మిషన్ సూది కన్నా వేగంగా నడిచేది. తప్పు ఎవరిదైనా సరే, తనది మాత్రం కాదు. దారం తెగితే దారానిది తప్పు, వేలికి సూది గుచ్చుకుంటే నాది తప్పు. "నాది పొరపాటు" అన్న మాట ఆమె నోట నేను వినలేదు. వినే రోజు వచ్చినప్పుడు, వినకపోయినా బాగుండేదనిపించింది.

ఇంటి వెనక రేకుల షెడ్డులో పద్దెనిమిది గూళ్ళు ఉండేవి. నేను వెళ్ళిన మొదటి నెలలోనే ఆమె నాకు కుందేళ్ళ రంగులు ఎక్కాల్లా వల్లె వేయించింది. సగం ఒళ్ళు నల్లగా, సగం తెల్లగా, మధ్యలో గీత గీసినట్టు తేడా ఉండేవి నడికట్టువి. ఆ గీత ఒక వేలెడు వంకరపోయినా పోటీలో జడ్జి పక్కన పెట్టేస్తాడు. ముక్కు మీద సీతాకోకచిలుక వాలినట్టు మచ్చ, వెన్ను పొడుగునా గీత, పక్కల చినుకులు పడ్డట్టు చుక్కలు ఉండేవి చుక్కలవి. అన్నిట్లోకీ అవే అందంగా ఉంటాయి. అవి మనమెందుకు పెంచడం లేదని అడిగాను.

"రెండు చుక్కలవాటిని జత కలిపితే నాలుగింట ఒకటి మూతి మీద మీసం తప్ప మచ్చే లేకుండా తెల్లగా పుడుతుందే. దానికి పేగుల్లో సత్తువ ఉండదు. తిన్నది అరగదు, పొట్ట ఉబ్బి పోతుంది. ఆ మూడు అందంగా ఉండటానికి ఈ నాలుగోది చావాలి. అలాంటి అందం నాకొద్దు" అంది.

ఆమె పెంచినవి మసిమూతులు. పేరు ఆమె పెట్టిందే. ఒళ్ళంతా పాలనురుగు, కళ్ళు ఎర్రన, ముక్కూ చెవులూ పాదాలూ తోకా మాత్రం బొగ్గు పూసినట్టు నలుపు. పుట్టినప్పుడు ఆ నలుపు ఉండదు. నెల తిరిగేసరికి ముక్కు మీద చిన్న మసి మరక పడుతుంది. ఎందుకలా అంటే, "చలి తగిలిన చోటే వీటికి నలుపు. ఒంటికి కొసలు కదా, ముక్కూ చెవులూ చల్లగా ఉంటాయి. వెచ్చగా ఉన్నచోట తెలుపు" అనేది. ఒకసారి ఒకదానికి వీపు మీద గడ్డ లేస్తే పశువుల డాక్టరు అక్కడ గొరిగి మందు రాశాడు. చలిరోజులు. ఆ గొరిగినచోట అరచేయంత నల్లగా మొలిచింది. నేను బెంబేలెత్తిపోతే ఆమె నవ్వింది. "ఈసారి బొచ్చు మారినప్పుడు చూడు, తెల్లగా వస్తుంది." అలాగే వచ్చింది. ఇంత తెలిసిన మనిషి ఆమె. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడని సంగతి.

పెదనాన్నది తాళాల పని. ఒక పెద్ద భవనం మెట్ల కింద, తలుపంత వెడల్పు కొట్టు. లోపల ఆయన, ఒక స్టూలు, ఆకురాయి, గోడ నిండా మేకులకు వేలాడే తాళంచెవులు. మాట తక్కువ మనిషి. ఇంట్లో మాటల కోటా అంతా పెద్దమ్మే వాడేసేది కాబట్టి ఆయనకు మిగిలేది కాదు. షెడ్డు తలుపుకు ఇత్తడి గడియ ఆయనే చేశాడు. అది పడేటప్పుడు రెండు చప్పుళ్ళు చేస్తుంది, ఒకటి నాలుక లోపలికి పోయినప్పుడు, రెండోది మర పట్టినప్పుడు. రోజూ సాయంత్రం గడ్డి వేసి ఆ గడియ వెయ్యడం ఆయన వంతు. "రెండు చప్పుళ్ళూ వింటే గానీ చెయ్యి తియ్యను" అనేవాడు. ఆయన గొప్ప చెప్పుకున్న మాట అదొక్కటే.

నేను వెళ్ళిన నాలుగో ఏడు చలికాలంలో దొరసాని ఈనింది. దొరసాని అంటే షెడ్డులో పెద్ద మసిమూతి. పద్నాలుగేళ్ళు ఒక్క మరక లేకుండా కాపాడుకొచ్చిన వరసలో అది అన్నిట్లోకీ మేలైనది, వయసు మీరింది, దానికి అదే ఆఖరి కాన్పు. ఆ పిల్లల్లో ఒకదాన్ని పోటీకి పెట్టాలని పెద్దమ్మ ఏడాదిగా కలలు కంటోంది. సరిగ్గా ఆ వారమే షెడ్డు పైరేకు ఊడింది. మరమ్మతయ్యేదాకా దొరసానిని గూటిపెట్టెతో సహా ఇంటి వెనక బట్టలుతికే గదిలోకి మార్చింది. సిమెంటు నేల, అద్దం లేని కిటికీ. పిల్లల కోసం తల్లి పీకి పరుచుకున్న బొచ్చు కొళాయి కారి తడిసిపోతే, పెద్దమ్మ అది తీసేసి గడ్డి వేసింది. దొరసాని ఆరింటిని పెట్టింది.

ఆరో రోజున పిల్లలకు నూగు వచ్చింది. పాలరంగులో రావాల్సింది, బూడిదలో పొర్లినట్టు వచ్చింది. ఆరింటికి ఆరూ.

పెద్దమ్మ పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్కదాన్నీ వేళ్ళతో తిప్పి చూసింది. తర్వాత లేచి వెళ్ళి గోడ మీది క్యాలెండరు తీసి, ఈనిన రోజు నుంచి వేళ్ళు మడుస్తూ, కుందేలు చూలు మోసే ముప్పై ఒక్క రోజులూ వెనక్కి లెక్కపెట్టింది. ఆ లెక్క ఏ రోజు దగ్గర ఆగిందో నాకూ తెలుసు. పక్కింటి రొట్టెల బట్టీ ఆయనకు ఒక బూడిదరంగు పోతు కుందేలుంది. ఆ రోజు పొద్దున అది కంచె కింద నుంచి దూరి మా పెరట్లో ఆకులు మేస్తుంటే నేనే తరిమాను.

పెదనాన్న కొట్టు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకముందే అడిగింది.

"ఆ రోజు షెడ్డు గడియ వేశారా?"

"ఏ రోజు?"

"ఆ బూడిద పోతు మన పెరట్లోకి వచ్చిన రోజు. ముందురోజు సాయంత్రం."

"వేశాను."

"వేస్తే ఇవెక్కణ్ణించి వచ్చాయండీ? ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?"

"రెండు చప్పుళ్ళూ విన్నానే."

"చెవులు వింటే సరిపోదు, బుర్ర కూడా పనిచెయ్యాలి. మొన్న కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికిన మనిషి మీరు. పద్నాలుగేళ్ళ నా కష్టం బూడిదలో పోసిన పన్నీరు చేశారు కదా!"

ఇక్కడే నేను నోరు జారాను. అరుపులు పెరుగుతుంటే నవ్వించి తేలిక చేద్దామనుకున్నాను. "దీపం కింద చీకటంటే ఇదే కాబోలు పెదనాన్నా! ఊళ్ళో తాళాలన్నీ నీవే, ఇంటి గడియ మాత్రం గాలికి" అన్నాను. ఆయన నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వులో ఏమీ లేదు. అప్పుడు గమనించలేదు.

మూడు రోజులు ఆయన అదే మాట మీద ఉన్నాడు, వేశాను, వేశాను అని. పెద్దమ్మ మూడు రోజులూ సాధించింది. నాలుగో రోజు అన్నం దగ్గర ఎవరూ అడక్కుండానే, "మరిచిపోయానేమోలే" అన్నాడు. ఆమె గెలిచినట్టు కంచం ముందుకు లాక్కుంది. ఆ మాటలో "ఏమో" ఒకటుందని మాలో ఒక్కరికీ చెవికెక్కలేదు. ఆయన తన చేతుల్ని తను నమ్మడం మానేసింది ఆ రోజే.

"ఆ పిల్లల మొహం నేను చూడను. మీరు చేసిన నిర్వాకం, మీరే సాకండి" అని పెద్దమ్మ ఆ పెట్టె వైపు పోవడమే మానేసింది. ఆయనే గడ్డి మార్చాడు, ఆయనే నీళ్ళు పెట్టాడు. పిల్లలు కళ్ళు తెరిచిన రోజు వంటింటి గుమ్మంలోకి వచ్చి, "వీటి కళ్ళు ఎర్రగా ఉన్నాయే" అన్నాడు.

"మీ చేతిలో పడ్డందుకు ఏడ్చుంటాయి" అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే.

బూడిద పోతు పిల్లలైతే కళ్ళు నల్లగా ఉండాలి. అది ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఒక్కసారి తల తిప్పి చూసి ఉంటే ఈ కథ లేదు.

ఆరు వారాలకు, జాతి ఉన్న ప్రతి పిల్ల చెవిలోనూ ఆమె పచ్చబొట్టుతో నంబరు వేస్తుంది. పెదనాన్న వచ్చి అడిగాడు, "వీటికి వెయ్యవా?" అని. "నంబరు ఊరూ పేరూ ఉన్నవాటికి. వీటికెందుకు?" అంది. ఆరింటినీ మా వీధి చివర బడి పంతులమ్మకు ఇచ్చేశాం, బడిపిల్లలు ఆడుకుంటారని. దొరసాని ఆ నెల్లోనే పోయింది.

పెదనాన్న కొట్టు మూసి నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి తాళం లాగి చూసేవాడు. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చేవాడు. షెడ్డు గడియ ముట్టుకోవడమే మానేశాడు. ఒకరోజు ఎవరో బీరువా తాళం తెస్తే, విప్పి, భాగాలన్నీ గుడ్డ మీద పరిచి, గంటసేపు చూసి, "నా వల్ల కాదమ్మా, ఇంకెవరికైనా చూపించు" అని మూటగట్టి ఇచ్చేశాడట. కళ్ళు మూసుకుని విప్పగల తాళం అది.

మూడు నెలలు దాటాక ఒక ఆదివారం పంతులమ్మ బుట్టతో వచ్చింది. పెదనాన్న ఇంట్లో లేడు.

"మీరిచ్చిన కుందేళ్ళకు ఏదో జబ్బు చేసినట్టుందండీ. ఆ బూడిద బొచ్చంతా రాలిపోతోంది. ఆరూ తెల్లబడిపోయాయి. ముక్కులేమో నల్లబడ్డాయి. చూస్తారని ఒకదాన్ని తెచ్చాను" అంది.

పెద్దమ్మ బుట్ట మూత తీసింది. పాలనురుగు ఒళ్ళు, బొగ్గు ముక్కు, ఎర్రటి కళ్ళు. పోటీలో పెడితే మారుమాట లేకుండా మొదటి బహుమతి కొట్టే మసిమూతి. దాన్ని పైకి తీయలేదు. లేచి నేరుగా బట్టలుతికే గదిలోకి వెళ్ళి, ఆ సిమెంటు నేల మీద అరచెయ్యి పెట్టి, అద్దం లేని కిటికీ వైపు చూసింది. నేను వెనకే వెళ్ళాను.

"చలి తగిలిన చోట నలుపు," అంది. "ఒళ్ళంతా చలి తగిలిందే వాటికి. తల్లి కప్పిన బొచ్చు తీసింది నేను. ఇక్కడ పెట్టింది నేను. ఆయన గడియ వేశాడే. వేశాడు." ఆ మాట అంటూ నెత్తి కొట్టుకుంది. ఆమె ఏడవగా చూడటం నాకు అదే మొదలు.

సాయంత్రం ఆయన రాగానే కుందేలును ఒళ్ళో పెట్టి, "నాది తప్పండీ. మీరు గడియ వేశారు. ఇది ఆ బూడిద పిల్లే. చలికి అప్పుడు నల్లబడింది, అంతే" అని చెప్పింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి. మా ప్రారబ్ధం కొద్దీ ఆయన నమ్మకపోవడానికి కారణం కూడా అదే అయింది. "నాది తప్పు" అని ఎన్నడూ అనని మనిషి అంటోందంటే, అది జాలి అయి ఉంటుందనుకున్నాడు. కుందేలు చెవి రెండు వేళ్ళతో మెల్లగా తిప్పి లోపల చూశాడు.

"నంబరు లేదుగా" అన్నాడు.

"వెయ్యలేదు కదండీ! కావాలనే వెయ్యలేదు, నా నోటికి పుట్టిన పొగరు!"

"పోనీలే. మంచి కుందేలును వెతికి తెచ్చావు. నా కోసం ఎందుకే ఇంత తిప్పలు" అని దాని వీపు నిమిరాడు.

పంతులమ్మను పిలిపించి చెప్పించింది. ఆయన ఆవిడకు కుర్చీ వేసి, టీ ఇప్పించి, అంతా విని, వీధి గుమ్మందాకా సాగనంపి వచ్చి, "మంచావిడ పాపం. నువ్వు నేర్పినట్టే చెప్పింది" అన్నాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అదే మమ్మల్ని చంపింది. తిట్టినా బాగుండేది.

అప్పుడు పెద్దమ్మ రెండు పనులు చేసింది. మొదటిది, "ఈ రోజు నుంచి గడియ మళ్ళీ మీరే వెయ్యాలి" అని పట్టుబట్టింది. ఆయన చేతుల మీద తనకు నమ్మకముందని చూపించడానికి. రెండోది నాకొక్కదానికే తెలుసు. మళ్ళీ చలికాలం వచ్చేదాకా ఆగింది. అప్పటికి దొరసాని కూతురు చూలుతో ఉంది. అది ఈనగానే పెట్టెను తీసుకెళ్ళి కావాలనే బట్టలుతికే గదిలో పెట్టింది, తల్లి పరిచిన బొచ్చులో సగం తీసేసింది. బూడిద పిల్లలు పుట్టి, కళ్ళ ముందే తెల్లబడితే, ఇక మాటలతో పని లేదనుకుంది. ఈసారి నంబర్లు కూడా వేస్తానంది.

"వద్దు పెద్దమ్మా, చచ్చిపోతాయి" అన్నాను.

"నాకు తెలియదా?" అంది. గంటకోసారి వెళ్ళి చూసేది. రెండో రోజు ఒకటి పోయింది. నాలుగో రోజు ఇంకొకటి. నాలుగో పిల్ల చావుతో వచ్చే అందం తనకొద్దన్న మనిషి, ఆ రెండింటినీ పాత దిండుగలీబులో చుట్టి గులాబీ మొక్క పక్కన పూడ్చి, చేతులు కడుక్కుని డ్యూటీకి వచ్చి మిషన్ ముందు కూర్చుంది.

మిగిలిన నాలుగింటికి బూడిద నూగు వచ్చింది. బాగా ముదిరి, అది తెల్లబడటం మొదలయ్యేదాకా ఆయనకు చూపించకూడదనుకుంది. ఎనిమిదో రోజు మేం ఆస్పత్రి నుంచి వచ్చేసరికి పెదనాన్న వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కొట్టు తాళంచెవుల గుత్తి పక్కన మెట్టు మీద ఉంది. చొక్కా ఆరేద్దామని ఆ గదిలోకి వెళ్ళాడట.

"మళ్ళీ మరిచిపోయానే," అన్నాడు. "నన్ను నమ్మి నువ్వు గడియ ఇచ్చావు. ఏడాది తిరక్కుండా మళ్ళీ మరిచాను. రెండు చప్పుళ్ళూ విన్నట్టే ఉంది నాకు. నా చెవులు కూడా నన్ను మోసం చేస్తున్నాయి."

పెద్దమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూలబడిపోయింది. "మీరు మరవలేదండీ, నేనే! నేనే చలిలో పెట్టాను, మీకు చూపిద్దామని! రెండు చచ్చిపోయాయి కూడా, అడగండి దీన్ని!"

ఆయన నన్ను అడగలేదు. ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"నువ్వా? కారం తగిలిన చేత్తో గూడు ముట్టుకోనిదానివి. నువ్వు పసికూనల్ని చలిలో పెట్టి చంపుతావా? నా తప్పు నీ నెత్తినేసుకోకే. వద్దు. ఇంక ఈ మాట ఎత్తొద్దు."

ఆమె జీవితమంతా ఎంత శ్రద్ధగా ఆ ప్రాణుల్ని చూసుకుందో, అదంతా ఆ పూట ఆమెకు ఎదురు సాక్ష్యం చెప్పింది. ఆమె నోట నిజం ఒక్క ముక్క కూడా ఆయనకు చేరలేదు. మర్నాటి నుంచి కొట్టు తెరవలేదు.

ఆ నాలుగూ తెల్లబడ్డాయి. నంబర్లు వేసి ఉన్నాయి. ఒకదాన్ని తెచ్చి, చెవి తిప్పి, ఆయన భూతద్దం ఆయన చేతికే ఇచ్చి చూడమంది. ఆయన అంకెలు ఒక్కొక్కటీ పైకి చదివాడు. ఆమె మొహం వెలిగింది. భూతద్దం పక్కన పెట్టి, "బాగా కుదిరిందే. నంబరు వేసేది నీ చేతులే కదా" అన్నాడు. ఇంకోసారి ఆమె ప్రయత్నించలేదు.

ఆ తర్వాత ఆయన ఆరేళ్ళు బతికాడు. పోటీకి పెట్టడం ఆమె మానేసింది. మసిమూతులు మాత్రం ఉండేవి. గడియ ఆయనే వెయ్యాలని ఆమె, వేశాక ఆమె వెళ్ళి చూసి రావాలని ఆయన, చివరికి అలా రాజీ కుదిరింది. రోజూ సాయంత్రం ఆయన షెడ్డు నుంచి వచ్చి కుర్చీలో కూర్చుని, "ఒకసారి చూసిరావే" అనేవాడు. మోకాళ్ళ నొప్పులు వచ్చాక కూడా ఆమె నన్ను పంపలేదు, తనే వెళ్ళేది. గడియ మీద చెయ్యి వేసి చూసి, తిరిగి వచ్చి, "వేసే ఉందండీ" అనేది. ఆయన నవ్వి ఆమె చెయ్యి తట్టేవాడు, తన కోసం వెళ్ళి వేసి వచ్చినందుకు.

ఆరేళ్ళలో ఒక్క సాయంత్రం కూడా ఆ గడియ తీసి లేదని పెద్దమ్మ నాకు చెప్పింది. ఆయన మాత్రం ఏ ఒక్క రోజూ ఆమె మాట నమ్మలేదు.